చింతపండుతో తోమిన చక్రవర్తులు

మురికి చూస్తే నా చేతులు ఊరుకోవు. ఇదేదో గొప్ప గుణం అనుకుంటూనే నలభై ఏళ్లు బతికాను. ఎవరింటికైనా వెళ్తే వాళ్లిచ్చిన కాఫీ తాగేలోపే స్టవ్ మీద మరకలు ఎన్నున్నాయో చూసేస్తాను. కాస్త చనువున్న ఇల్లయితే లేచి తుడిచేస్తాను కూడా. మా ఆయన దీన్ని జబ్బు అనేవారు. నేను శుభ్రత అనేదాన్ని. పెళ్లయిన నాటి నుంచీ మా మధ్య నడిచిన ఈ వాదన కెనడాలోని హాలిఫాక్స్‌లో ఒక దసరా ముందు ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అప్పట్లో మేము ఒక పాత చెక్క ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు ఉండేవాళ్లం. పైన ఇంటాయన ఒక్కరే ఉండేవారు. ఎనభై దాటిన మనిషి. ముప్పై ఏళ్లకు పైగా స్కూల్లో లాటిన్ చెప్పి రిటైరయ్యారు. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. మా వైపు చదువు చెప్పినవాళ్లను మాస్టారు అంటామని ఒకసారి చెబితే ఆయనకు ఆ మాట తెగ నచ్చేసింది. అప్పటినుంచి ఎదురుగా పిలిచినా, ఇంట్లో అనుకున్నా ఆయన మాకు మాస్టారే.

మాస్టారికి కంటి జబ్బు ఉండేది. చూపు మధ్యలో మసక. ఎదురుగా ఉన్న మొహం కనబడదు, పక్కనున్న గోడ కాస్త కనబడుతుంది. అందుకని మనతో మాట్లాడేటప్పుడు మన చెవి వైపు చూసేవారు. రంగులు కూడా దాదాపు పోయాయి. అయినా ఇల్లంతా ఆయనకు వేళ్లతో తెలుసు. తన వంట తనే చేసుకునేవారు. బుర్ర మాత్రం పాదరసం. నేను ఎప్పుడో నెలల కిందట యథాలాపంగా అన్న మాటను తేదీతో సహా అప్పజెప్పేవారు. కళ్లు పోతే పోయాయి, ఇది మిగిలింది చాలు అని నుదుటి మీద వేలు పెట్టి చూపించేవారు.

డేకేర్ ఉద్యోగం ఇంటర్వ్యూకి నన్ను తయారు చేసింది ఆయనే. రెండు చలికాలాలు, వారానికి మూడు సాయంత్రాలు, తన వంటగదిలో కూర్చోబెట్టి నా చేత ఇంగ్లీషు మాట్లాడించారు. తప్పు మాట్లాడితే నవ్వేవారు కాదు, టేబుల్ మీద వేలితో రెండుసార్లు తట్టేవారు. ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డారు. అలాంటి మనిషికి నా చేతనైనది ఏదైనా చెయ్యాలని నాకు ఎప్పుడూ ఉండేది. జరిగినదానికి మూలం అదే.

ఆయన దగ్గర మూత ఉన్న ఒక చెక్క పళ్లెం ఉండేది. అందులో ఏడు గుంటలు, గుంటల అడుగున మెత్తటి గుడ్డ, ఒక్కో గుంటలో ఒక్కో నాణెం. రోమ్‌ను ఏలిన చక్రవర్తుల కంచు నాణేలు. ఇంచుమించు రెండు వేల ఏళ్ల నాటివి, ఒకటి రెండు కాస్త తర్వాతివి. మొదటిసారి చూసినప్పుడు నాకు, నిజం చెప్పొద్దూ, వానలో పడేసిన ఇనుప సామాన్ల కొట్టు బిళ్లల్లా కనబడ్డాయి. ముదురాకుపచ్చ, అక్కడక్కడ నలుపు. మాస్టారు మాత్రం ఒక్కోదాన్నీ తీసి, బొటనవేలితో దాని మొహం తడిమి, అది ఎవరిదో చెప్పి, నా అరచేతిలో పెట్టేవారు. కళ్లు మూసుకుని చూడమనేవారు. స్కూల్లో పిల్లలకూ అలాగే చూపించేవారట.

ఆ ఏడుగురూ పోయాక దేవుళ్లయినవాళ్లు. చక్రవర్తి చనిపోతే పెద్దలంతా సభ చేసి, ఇకమీదట ఈయన దేవుడు అని తీర్మానం చేసేవారట. అందరికీ కాదు, మంచివాడనిపించుకున్నవాడికే. అంతస్తులు అంతస్తులుగా చితి పేర్చి, నిప్పంటించి, పైనుంచి ఒక గద్దను వదిలేవారట. అది ఎగిరిపోతే ఆయన ఆత్మ పైకి చేరినట్టు. తర్వాత గద్దెనెక్కినవాడు ఆయన పేరు మీద నాణెం కొట్టించేవాడు. ఒకవైపు పోయినాయన తల, తల చుట్టూ దివుస్ అనే అక్షరాలు. రెండోవైపు గద్దో, చితో, బలిపీఠమో.

"దివుస్ అంటే దేవుడా? మా భాషలో దివి అంటే స్వర్గం" అన్నాను. 

"ఆ రెండు మాటలూ చుట్టాలే" అన్నారాయన, చుట్టాలను తనే కలిపినంత సంతోషంగా.

గద్ద సంగతి విన్నాక నేను కాకి సంగతి చెప్పాను. మా నాన్న పదో రోజున కాకి పిండం ముట్టలేదు. ఎండలో అందరం నిలబడ్డాం. కాకులు గోడ మీద వాలుతున్నాయి, చూస్తున్నాయి, పోతున్నాయి. చివరికి మా బాబాయి, నువ్వు పెంచిన నిమ్మచెట్టు కొట్టెయ్యం అన్నయ్యా, నాదీ పూచీ అని గట్టిగా అన్నాడు. అప్పుడు ఒక కాకి వచ్చి ముట్టింది. ఇది చెబుతుంటే మాస్టారు లావుపాటి మార్కర్ తీసి, తనకు కనబడేంత పెద్ద అక్షరాలతో నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఒక్క కాకికి మూడు పేజీలు పట్టాయి.

ఆ ఏడింటిలో ఒకటి ఆయనకు ప్రాణం. అరచేతిలో సగం వచ్చేంత పెద్ద నాణెం. బుద్ధిమంతుడని పేరుపడిన ఒక చక్రవర్తిది. వెనక గద్ద. ఆ గద్ద రెక్క పక్కన గోరంత జాగాలో ఎవరో మొనతో గీసిన నాలుగైదు గీతలున్నాయి. కళ్లు బాగున్న రోజుల్లో మాస్టారు వాటిని భూతద్దంలో చూసి కనిపెట్టారు. చేతులు పైకెత్తి నిలబడ్డ మనిషి బొమ్మ. 

చదువుకున్నవాళ్లంతా ఈ దేవుణ్ణి చెయ్యడమనేది ఉత్త రాజకీయమని, మామూలు జనం దాన్ని మనసారా నమ్మలేదని అంటారట. మాస్టారు ఒప్పుకోరు. ఎవరో ఒక మామూలు మనిషి ఈ నాణేన్ని పట్టుకుని, ఆ గద్ద పక్కన తన బొమ్మ గీసుకుని దణ్ణం పెట్టుకున్నాడని ఆయన నమ్మకం. "మా వాళ్లయితే కుంకుమ కూడా పెట్టేవాళ్లు" అన్నాను నేను. ఆయన టేబుల్ మీద అరచేత్తో చరిచారు. ఆయన మాట కాదనని మొదటి మనిషిని నేనేనట.

గీతలు ఆ కాలానివే అనడానికి ఆయన దగ్గర ఉన్న రుజువు ఒక్కటే. ఆకుపచ్చ పొర గీతల లోపలికి కూడా పాకి ఉంది. అంటే ముందు గీత, తర్వాత పొర. అంత గట్టి పొర కట్టడానికి వందల ఏళ్లు పడుతుంది. ఈ మధ్య ఎవరైనా గీసి ఉంటే గీత లోపల కంచు మెరుస్తూ కనబడాలి. ఇదంతా ఆయన నాకు కనీసం మూడుసార్లు చెప్పారు. నేను మూడుసార్లూ తలూపాను. వినడం వేరు, తలకెక్కడం వేరు. బొమ్మ నాకు గుర్తుండిపోయింది. పొర గురించి చెబుతున్నప్పుడు నా ధ్యాస బహుశా ఆయన స్టవ్ మీదే ఉండి ఉంటుంది.

ఆ ఏడాది ఆయన పాత శిష్యురాలొకావిడ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఊళ్లోకి వచ్చింది. నాణేన్ని చూస్తానంది. గీతలు పాతవేనని తేలితే దాని గురించి మాస్టారి పేరుతో వ్యాసం వేయిస్తానని, నాణేలను యూనివర్సిటీలో పిల్లలు చదువుకునేందుకు పెడతామని చెప్పింది. మాస్టారి దగ్గరున్న ఫోటోలు ఎప్పటివో నలుపు తెలుపువి, వాటిలో పొర తెలియదు. నాణేన్ని ఇల్లు దాటనివ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. ఈలోగా తుంటి ఎముక ఆపరేషన్‌కి పిలుపొచ్చింది. హాస్పిటల్ నుంచి మంగళవారం వస్తే, గురువారం ప్రొఫెసర్ రావాలని నిర్ణయమైంది. ఇంటి తాళం నాకిచ్చి, మొక్కలకు నీళ్లు పొయ్యమని చెప్పి వెళ్లారు.

మొక్కలకు నీళ్లు పోసి ఊరుకునే మనిషినైతే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు. నేను ఇల్లంతా కడిగాను. కిటికీలు తుడిచాను. కర్టెన్లు ఉతికాను. సోమవారం డేకేర్‌కి సెలవు పెట్టి, దసరా ముందని కింద మా దేవుడి సామాను తోమడానికి చింతపండు నానబెట్టాను. దీపపు కుందులు, గంట, హారతి పళ్లెం, అరచెయ్యంత వినాయకుడు. అప్పుడు గుర్తొచ్చాయి పైనున్న ఏడూ. ఎల్లుండి కాక ఆ మర్నాడు చదువుకున్న ఆవిడ వచ్చి చూస్తుంది. వాటి మొహాన చూస్తే ఇంత చిలుము. దేవుళ్లని ఆయనే చెబుతారు, మరి దేవుళ్లను ఎవరైనా అలా ఉంచుతారా? పాపం, కళ్లు కనబడని మనిషి, ఎలా తోముకుంటారు? పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేస్తున్నంత హుషారుగా పైకెళ్లి పళ్లెం పట్టుకొచ్చాను.

వేడినీళ్లలో చింతపండు గుజ్జు పిసికి, గుప్పెడు ఉప్పు వేసి, స్టీలు గిన్నెలో ఏడింటినీ నానేశాను. చిన్న చిన్న బుడగలు లేచాయి. నీళ్లు పచ్చబడ్డాయి. ఎంత మురికో అనుకున్నాను. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, పాత టూత్ బ్రష్‌తో ఒక్కోటీ తోమాను. మొండి చిలుము ఉన్నచోట గుజ్జు మళ్లీ పట్టించి తోమాను. గద్ద నాణేన్ని అన్నింటికన్నా ఎక్కువసేపు తోమాను, అది ఆయనకు ఇష్టమని. కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, మా వినాయకుడి పక్కన వరసగా పెట్టి చూసుకున్నాను. కొన్ని గులాబీ రంగులో, కొన్ని పసుపు రంగులో తళతళలాడుతున్నాయి. అక్కడక్కడ అక్షరాలు చిలుముతోపాటే ఊడిపోయినట్టున్నాయి గానీ, నేను దాన్ని పట్టించుకోలేదు. సంతోషంతో నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి బ్యాగ్ కూడా దించకుండా చూసి, "దే లుక్ ఫేక్, అమ్మా" అని తన గదిలోకి వెళ్లిపోయింది. అప్పుడు మొదటిసారి ఒక నాణేన్ని మళ్లీ తీసి, అక్షరాల కోసం చూశాను.

సాయంత్రం మా ఆయన వచ్చి చూశారు. ల్యాప్‌టాప్ తెరిచి ఏదో చదివి, దాన్ని నా వైపు తిప్పారు.

"చదువు. పాత బ్రాంజ్ కాయిన్స్‌ని క్లీన్ చెయ్యొద్దని ప్రతిచోటా అదే రాశారు. ఆ గ్రీన్ లేయర్ పోతే మళ్లీ రాదంట."

"ఆ గీతల సంగతి..." అన్నాను.

"ఆ గీతలకు ప్రూఫ్ అదేగా. ఆయన నాకే రెండుసార్లు చెప్పారు, నీకు చెప్పలేదా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గద్ద నాణేన్ని దీపం దగ్గర పెట్టి చూశాను. చేతులెత్తిన మనిషి ఉన్నాడు. కానీ గీతల లోపల కంచు మెరుస్తోంది, నిన్న ఎవరో సూదితో గీసినట్టు.

"ఇప్పుడే హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెప్పేద్దాం" అన్నారాయన.

"ఆపరేషన్ అయిన మనిషండీ. రేపు ఇంటికొస్తారుగా, నేనే చెప్తాను."

"తప్పకుండా చెప్తావా?"

"చెప్తానన్నాగా" అని విసుక్కున్నాను. తప్పు నాదైనప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది.

మంగళవారం మాస్టారు వాకర్ మీద ఇంట్లోకి వచ్చారు. కోటు కూడా విప్పకుండా, పళ్లెం తెమ్మన్నారు. తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. గద్ద నాణేన్ని తీసి బొటనవేలితో తడిమారు. వేలు ఆగింది. మళ్లీ తడిమారు. రెండోది తీశారు, మూడోది తీశారు. నేను ఎదురుగా నిలబడి, ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటున్నాను. 

"నా వేళ్లు మొద్దుబారిపోయాయి. హాస్పిటల్లో గంటకోసారి చేతులకు ఆ శానిటైజర్ పూశారు" అన్నారాయన, నా చెవి వైపు చూసి, క్షమించమన్నట్టు.

నోరు తెరిచాను. "టీ పెట్టనా మాస్టారూ?" అని వచ్చింది.

బుధవారం నాడు నాకు ఒక ఉపాయం తోచింది. ఉపాయమని దానికి పేరు పెట్టుకున్నాను గానీ పిరికితనం. ప్రొఫెసర్ చూసి చెబుతుంది, అప్పుడు నేనేనని ఒప్పుకుంటాను, ఆవిడ ఎదురుగా ఉంటే ఆయన కోపం కాస్త తగ్గుతుంది అనుకున్నాను. మా ఆయన అడిగితే, రేపు ఇద్దరికీ కలిపి చెప్తానన్నాను.

గురువారం ఆవిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. మాస్టారి పక్కన కూర్చుని, స్కూల్ రోజులు తలుచుకుని ఇద్దరూ బాగా నవ్వుకున్నారు. నేను టీ తెచ్చాను. ఆవిడ కిటికీ దగ్గరకెళ్లి, కర్టెన్ పక్కకు జరిపి, పళ్లెం మూత తీసింది. భూతద్దం పెట్టుకుని గద్ద నాణేన్ని అటూ ఇటూ తిప్పింది.

"సర్, వీటిని ఎవరో శుభ్రం చేశారు" అంది చివరికి, నెమ్మదిగా.

"లేదు. నలభై ఏళ్లుగా నా దగ్గరే ఉన్నాయి. ఎవరూ చెయ్యలేదు."

"ఏడింటికీ పొర పూర్తిగా పోయింది. యాసిడ్ లాంటిదేదో వాడారు." 

"గీతల్లో ఉంటుంది చూడు. రెక్క పక్కన."

"గీతల్లో కూడా లేదు సర్."

మాస్టారు చెయ్యి చాపారు. ఆవిడ నాణెం ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతుల మధ్యా పట్టుకున్నారు. టీ పళ్లెం పట్టుకుని నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ప్రొఫెసర్ నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం ఉందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

"మీరే ఎప్పుడైనా చేసి మరిచిపోయారేమో సర్" అందావిడ. ఆయన్ని నొప్పించకూడదని అంది. 

మాస్టారు జవాబు చెప్పడానికి చాలాసేపు తీసుకున్నారు. ఆ సేపంతా నాదే. ఒక్క మాట చాలు, నేను చేశాను అని. నా చేతిలో కప్పులు చప్పుడు చేస్తుంటే వాటిని టేబుల్ మీద పెట్టాను, అంతే. అప్పుడాయన అన్నారు, "కావచ్చు. నాకు గుర్తులేదు. నాకు అస్సలు గుర్తులేదు."

ఆయన మొహంలో అలాంటి భయం నేను అంతకుముందు చూడలేదు. నాణేల కోసం కాదు. నుదుటి మీద వేలు పెట్టి చూపించే ఆ ఒక్కటీ కూడా పోతోందని.

ప్రొఫెసర్ వెళ్లేముందు నన్ను గుమ్మం దగ్గర పిలిచి, ఆయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండమని, నువ్వున్నావు కాబట్టి తనకు ధైర్యంగా ఉందని చెప్పింది. నేను అలాగే అన్నాను.

ఆ తర్వాత పదకొండు రోజులు గడిచాయి. ఎందుకు చెప్పలేదని మీరు అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. ఇల్లు ఖాళీ చెయ్యమంటారని భయమా అంటే కాదు. చెడ్డదాన్నని తెలిసిపోతుందని భయం. ఆయన దగ్గర నేను తెలివైనదాన్ని, మంచిదాన్ని, ఆయన మాట కాదనని మొదటి మనిషిని. ఆ మొహం పోగొట్టుకోలేకపోయాను. ఒక రోజు దాచినదాన్ని రెండో రోజు చెప్పడం కష్టం, ఐదో రోజు ఇంకా కష్టం. మింగలేక, కక్కలేక, పైకెళ్లిన ప్రతిసారీ కూర ఎక్కువ వండి పట్టుకెళ్లాను. దసరా వచ్చింది, పోయింది. మా ఆయన నాతో మాట్లాడ్డం తగ్గించారు. ఒకసారి మాత్రం, "నువ్వు చెప్పకపోతే నేను చెప్తా" అన్నారు. "మీరు చెప్తే నేనిక ఆయనకు మొహం చూపించలేను" అని ఏడ్చి ఆపేశాను.

ఈలోగా మాస్టారి వంటగదిలో కాగితాలు మొదలయ్యాయి. స్టవ్ దగ్గర, కుళాయి దగ్గర, వీధి తలుపు దగ్గర, లావు మార్కర్‌తో. స్టవ్ ఆపావా. మందు వేసుకున్నావా. తాళం వేశావా. అంతవరకు ఆయన ఒక్కసారి కూడా స్టవ్ ఆపడం మరిచిపోయిన మనిషి కాదు. కథ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "ఇది నీకు ఇదివరకు చెప్పానా?" అని అడిగేవారు. తర్వాత కథలు చెప్పడమే మానేశారు. పదకొండో రోజున, జ్ఞాపకశక్తి పరీక్ష కోసం డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నానని, నన్ను తోడు రమ్మని అడిగారు.

ఇక నిలబడలేకపోయాను. ఆయన వంటగదిలో, రెండు చలికాలాలు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని చెప్పేశాను. "మీకేం మతిమరుపు లేదు మాస్టారూ. నేనే తోమాను. మీరు హాస్పిటల్లో ఉన్నప్పుడు. చింతపండుతో." దేవుడి సామాను ఎలా తోముతామో, ఎందుకు తోముతామో, బుడగలు ఎలా వచ్చాయో, ఏ నాణెం ఎంతసేపు తోమానో అంతా చెప్పాను. ఆయన వాకర్ మీద చేతులు పెట్టుకుని కదలకుండా విన్నారు. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

ఆయన చెయ్యి చాపి, వెతుక్కుని, నా చెయ్యి పట్టుకున్నారు. 

"నువ్వు చాలా మంచిదానివి" అన్నారు.

"లేదు మాస్టారూ, నిజంగా నేనే."

"నువ్వే చేసి ఉంటే ఆ రోజు నా శిష్యురాలు ఎవరో శుభ్రం చేశారన్నప్పుడే చెప్పేదానివి. ఇక్కడే నిలబడ్డావు కదా. అబద్ధంతో పదకొండు రోజులు నాకు అన్నం పెట్టే మనిషివి కావు నువ్వు. నాకు తెలుసు." 

ఆయన ఇంకా అన్నారు, "అదీగాక నాకు గుర్తొస్తోంది. నా భార్య పోయిన ఏడాది. ఈ సింక్ దగ్గరే. వెనిగర్ వాసన. ఏదో ఒక పని పెట్టుకోవాలని చేసినట్టున్నాను." జరగనిదాన్ని ఆయన ఆ పదకొండు రోజుల్లో కూర్చుని, వాసనతో సహా గుర్తు తెచ్చుకున్నారు.

నేను కిందికి పరిగెత్తి మా ఆయన్ని పిలుచుకొచ్చాను. ఆయన కూడా చెప్పారు. మాస్టారు ఇద్దరి మాటా విని, మీ కుటుంబం అంతా ఎంత దయగలవాళ్లు అన్నారు. చింతపండు తెచ్చాను. ఇక్కడ ఇప్పుడు చెలామణిలో లేని ఒక సెంటు రాగి నాణేన్ని ఆయన ఎదురుగానే తోమి, చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తడిమి, "ముందూ ఇలాగే ఉంది కదా" అన్నారు. మెరుపు వేళ్లకు తెలియదు. ఆయనకు నేను చూపించగలిగింది ఇంకేమీ లేకపోయింది.

ప్రొఫెసర్‌కు ఉత్తరం రాశాను. ఆవిడ నమ్మింది, ఆ రోజు నా చేతుల్లో కప్పులు వణకడం చూశానని జవాబు రాసింది. మాస్టారికి ఫోన్ చేసి చెప్పింది కూడా. ఆయన ఆవిడతో, ఆ అమ్మాయి మనసు అలాంటిది, నువ్వు పట్టించుకోకు అన్నారట. వ్యాసం మాట ఆగిపోయింది. నాణేలు యూనివర్సిటీకి వెళ్లాయి. గద్ద నాణెం కింద, ఈ మధ్య శుభ్రం చేశారు, గీతలు ఏ కాలానివో చెప్పలేం అని రాసి పెట్టారని తెలిసింది. జ్ఞాపకశక్తి పరీక్షలో ఆయన వయసుకు అన్నీ సరిగానే ఉన్నాయన్నారు. మాస్టారు దాన్నీ నమ్మలేదు. అంత పెద్ద సంగతి మరిచిపోయినవాడు రేపు స్టవ్ మరిచిపోతే, కింద చిన్నపిల్ల ఉన్న కుటుంబం ఉంది అన్నారు. వసంతానికల్లా ఇల్లు అమ్మకానికి పెట్టి, హార్బర్ అవతల డార్ట్‌మత్‌లో వృద్ధులుండే రెసిడెన్స్‌కి మారిపోయారు. మా కోసం మారారు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

మేము వేరే అపార్ట్‌మెంట్‌లోకి మారాం. ఆదివారాలు నేను ఫెర్రీ ఎక్కి ఆయన దగ్గరకు వెళ్తాను. అక్కడ అందరికీ నేను తెలుసు, ఎందుకంటే ఆయన అందరికీ చెప్పారు. కొత్తగా ఎవరు వచ్చినా నన్ను చూపించి అదే చెబుతారు. మొదట్లో ప్రతిసారీ, "కాదండీ, నిజంగా నేనే చేశాను" అనేదాన్ని. ఆయన మురిసిపోయి, "చూశారా, ఇప్పటికీ ఒప్పుకోదు" అనేవారు. నేను కాదన్నకొద్దీ ఆయన దగ్గర నా మంచితనం పెరిగింది.

మొన్న ఆదివారం ఒక కొత్త నర్సు ఆయనకు మందులు తెచ్చింది. చిన్నపిల్ల, పంజాబ్ నుంచి వచ్చి చదువుకుంటూ పనిచేస్తోంది. మాస్టారు నా వైపు, అంటే నా చెవి వైపు, చెయ్యి చూపించి మొదలుపెట్టారు. "నా దగ్గర ఏడు నాణేలు ఉండేవి. నా చేతులతో నేనే పాడుచేసుకుని మరిచిపోయాను. నేను బాధపడకూడదని ఈవిడ నేరం తన మీద వేసుకుంది. ఇలాంటి మనిషిని నువ్వు చూసి ఉండవు." ఆ అమ్మాయి మందుల గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈసారి నేను కాదనలేదు, తల దించుకున్నాను. వినయమనుకుంది.